నాలుగో నెల గర్భిణిని.. మా ఊరి చెరువు కొర్రమీను తినవచ్చా?

ప్రశ్న: మాది పటాన్‌చెరు దగ్గర ఒక ఊరు. నాకిప్పుడు నాలుగో నెల. కొర్రమీను తింటే బలమని మా అత్తయ్య వారానికి రెండుసార్లు ఊరి చెరువు నుంచి తెప్పించి పులుసు పెడుతున్నారు. ఆ చెరువులో ఫ్యాక్టరీల నీళ్లు కలుస్తాయని అందరూ అంటారు. కానీ చేపలు ప్రాణంతోనే ఉంటాయి, చెడు వాసన కూడా రాదు. తినవచ్చా? మా మూడేళ్ల బాబుకు పెట్టవచ్చా? ఇప్పటిదాకా తిన్నదాని సంగతేమిటి?

జవాబు: అమ్మా, చేపలు మానవద్దు. ఆ చెరువు చేపలు మాత్రం ఈ రోజు నుంచే మానండి, బాబుకూ పెట్టకండి.

ప్రాణంతో ఉంటాయన్నారు చూడండి, చాలామంది పొరబడేది అక్కడే. కొర్రమీను నీటిపైకి వచ్చి గాలి పీల్చుకునే చేప. నీళ్లలో ప్రాణవాయువు తగ్గి రవ్వలు, బొచ్చెలు చచ్చి తేలిన చెరువులోనూ అది బతకగలదు. ఒకసారి ఒకావిడ తడి గోనెసంచిలో కొర్రమీను తెచ్చి నా బల్ల పక్కన పెట్టారు. మేం మాట్లాడుతున్నంతసేపూ ఆ సంచి కదులుతూనే ఉంది. ‘ఇంత హుషారుగా ఉన్నదాంట్లో విషం ఎందుకుంటుంది డాక్టరుగారూ’ అని ఆవిడ అడిగారు. ఆ హుషారు ఆ జాతి చేపకు పుట్టుకతో వచ్చింది. దాన్ని చూసి నీళ్లు మంచివని అనుకోలేం.

పైగా కొర్రమీను, వాలుగ చిన్న చేపలను తిని పెరుగుతాయి. ఫ్యాక్టరీల నీళ్లతో పాదరసం చెరువులో చేరితే, బురదలోని బ్యాక్టీరియా దాన్ని మిథైల్ మెర్క్యురీ అనే విషంగా మారుస్తుంది. అది నాచు, పురుగులు, చిన్న చేపల మీదుగా పెద్ద చేపకు చేరేసరికి ఎన్నో రెట్లు పోగుపడుతుంది. అది కండలోనే అతుక్కుని ఉంటుంది కాబట్టి ఉప్పు, పసుపు పట్టించి ఎన్నిసార్లు రుద్ది కడిగినా, చింతపండు పులుసులో ఎంతసేపు ఉడికించినా పోదు. గర్భంలోని మాయను (ప్లాసెంటాను) దాటి బిడ్డ మెదడును చేరుతుంది. జపాన్‌లోని మినమాటాలో ఫ్యాక్టరీ వదిలిన పాదరసం చేపల ద్వారా జనానికి చేరింది. 1956లో బయటపడిన ఆ విషాదంలో, పెద్దగా లక్షణాలు లేని తల్లులకు కూడా తీవ్రంగా దెబ్బతిన్న పిల్లలు పుట్టారు. మీ చెరువు అంత ప్రమాదకరమని నేననడం లేదు. కడుపులో బిడ్డ ఉన్నప్పుడు అనుమానం ఉన్న నీటిని నమ్మవద్దంటున్నాను.

సీసం ఎక్కువగా ముళ్లలో, మొప్పల్లో, కాడ్మియం అనే మరో విషలోహం కాలేయంలో, మూత్రపిండాల్లో చేరుతుంది. పురుగుమందుల అవశేషాలు కొవ్వులో ఉంటాయి. అందుకే ఏ చేపైనా పేగులు, మొప్పలు, పొట్ట దగ్గరి కొవ్వు, తోలు తీసేసి వండండి. పరిగెల వంటి చిన్న చేపలకూ పొట్ట శుభ్రం చేయాలి.

చెరువు సంగతి తేలాలంటే ఒక్క చేపను ఒక్కసారి పరీక్షిస్తే సరిపోదు. ఎండాకాలంలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి, వేర్వేరు జాతుల, సైజుల చేపల కండను పరీక్షించాలి. అమెరికాలో రాష్ట్రాలు ఇలా పరీక్షించి, ఏ చెరువు చేప ఎంత తినవచ్చో ప్రకటిస్తాయి. ఏ సమాచారమూ లేని చోట పట్టిన చేపైతే వారానికి ఒక్కసారే, 110 గ్రాములకు మించకుండా తినమని, ఆ వారం మరో చేప ముట్టవద్దని అక్కడి సలహా. మీ పంచాయతీ ద్వారా మత్స్యశాఖను, కాలుష్య నియంత్రణ మండలిని ఇలాంటి పరీక్షలు చేయమని, ఫలితాలు చెరువు కట్ట మీద రాసి పెట్టమని గట్టిగా అడగండి. అది మీ హక్కు. బజారులో కొన్న చేపనైతే రుసుము కట్టి పరీక్ష చేయించుకునే వీలు 2006 నాటి ఆహార భద్రత చట్టంలోనే ఉంది.

ఇప్పటిదాకా తిన్నదాని గురించి బెంగపడకండి. తినడం ఆపితే రక్తంలోని మిథైల్ మెర్క్యురీ సుమారు 50 రోజులకోసారి సగానికి తగ్గుతుంది. ఈసారి పరీక్షకు వెళ్లినప్పుడు మీ డాక్టరుకు ఈ చెరువు సంగతి చెప్పి, రక్తంలో సీసం, పాదరసం పరీక్షలు అవసరమా అని అడగండి. ఐరన్, కాల్షియం మాత్రలు మానకండి. ఆ రెండూ తగినంత ఉంటే శరీరం సీసాన్ని తక్కువగా పీల్చుకుంటుంది.

ఎక్కడ పెంచారో తెలిసిన రవ్వ, బొచ్చె కొనుక్కుని వారంలో రెండు మూడుసార్లు, మొత్తం 225 నుంచి 340 గ్రాముల దాకా తినండి. బాబుకు వారానికి రెండుసార్లు, 30 గ్రాముల చిన్న ముక్క, ముల్లు తీసి పెట్టండి. అత్తయ్యగారికి కొర్రమీను మీదే మనసుంటే, బోరునీటి తొట్లలో మేత వేసి పెంచినది, మరీ పెద్దది కానిది చూసి అప్పుడప్పుడు తెప్పించమనండి.