క్రైస్తవ స్త్రీకి ఓర్చుకోవడమే బలమా? మా ఇంట్లో నేను చూసింది

"ఇంట్లో ఏం జరిగినా నోరెత్తకుండా ఓర్చుకోవడమే క్రైస్తవ స్త్రీ చేయాల్సిన త్యాగమని మా సంఘంలో పెద్దలు అంటున్నారు. నిజమేనా? మీ ఇళ్లలో ఆడవాళ్లు ఎలా బతికారు?" అని మీరు అడిగారు. వాక్యం సంగతి తర్వాత చెబుతాను. ముందు మా అమ్మమ్మ గురించి చెప్పాలి.

మాది గుంటూరు వైపు లూథరన్ కుటుంబం. తాతయ్య పోయేనాటికి అమ్మమ్మకు ముప్పై మూడేళ్లు. నలుగురు పిల్లలు, సెంటు భూమి లేదు. నాట్లకు, కలుపులకు, మిరపకాయ కోతలకు వెళ్లేది. కోతల రోజుల్లో సాయంత్రానికి చేతులు మంటలెత్తేవట. చంటిపిల్లను ఎత్తుకోవాలన్నా భయపడేదట, ఆ చెయ్యి ఎక్కడ పిల్ల కళ్లకు తగులుతుందోనని. ఇది మా అమ్మ చెప్పిన మాట. అమ్మమ్మ ఏనాడూ చెప్పుకోలేదు.

అంత కటకటలోనూ రోజూ రాత్రి అన్నానికి బియ్యం కొలిచాక ఒక పిడికెడు తీసి, మూలనున్న పిడతలో వేసేది. ఆదివారం ఆ బియ్యం గుడికి వెళ్లేవి. మా పల్లెలో చాలామంది ఆడవాళ్లు అలాగే చేసేవారు. పల్లెలో వాక్యం చెప్పే ఉపదేశిగారి ఇంటి పొయ్యి వెలిగేది ఆ పిడికెళ్లతోనే. "పిల్లలకే చాలనప్పుడు అలా ఎందుకు తీశావు?" అని చిన్నప్పుడు ఒకసారి అడిగాను. "వాళ్ల వాటాలోంచి తీయలేదురా. నా వాటాలోంచి తీశాను" అంది. మీ ప్రశ్న చదవగానే నాకు మొదట గుర్తొచ్చింది ఈ మాటే.

అమ్మమ్మ బడికి వెళ్లలేదు. పల్లెకు వచ్చే బైబిలు స్త్రీ దగ్గర, పొలం పని అయ్యాక, దీపం ముందు కూర్చుని అక్షరాలు నేర్చుకుంది. ఆ బైబిలు స్త్రీలు ఇల్లిల్లూ కాలినడకన తిరిగి ఆడవాళ్లకు వాక్యంతో పాటు చదువూ చెప్పినవాళ్లు. వాళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా కనబడవు. అమ్మమ్మ లూకా సువార్తతో మొదలుపెట్టింది. చివరిదాకా అక్షరం కింద వేలు పెట్టుకునే చదివేది.

ఇక అసలు సంగతి. మా పిన్నికి పెళ్లయిన మూడో ఏడు, మొగుడు తాగి కొడుతున్నాడని కబురొచ్చింది. పిన్ని అంతకుముందే అక్కడి సంఘం అయ్యగారి దగ్గరకు వెళ్లి ఏడ్చిందట. "ఇది నీ సిలువ అమ్మా, మొయ్యాలి" అని ప్రార్థన చేసి పంపించారట. ఆయన చెడ్డ మనిషని నేను అనను. కానీ ఆ మాట తప్పు. ఆ మాట పట్టుకుని పిన్ని ఇంకో ఎనిమిది నెలలు దెబ్బలు తింది.

కబురు అందిన రోజే అమ్మమ్మ బస్సెక్కింది. ఎవరి మీదా గొంతు పెంచి ఎరగని మనిషి. ఆ ఇంట్లోనూ పెంచలేదట. నేరుగా లోపలికెళ్లి, పిన్ని ట్రంకుపెట్టె తీసి, చీరలు అందులో సర్ది, చంటిబిడ్డను చంకనేసుకుని "పద" అందట. అల్లుడు గుమ్మంలో నిలబడితే, "నా బిడ్డను నేను తీసుకుపోతున్నాను, తప్పుకో నాయనా" అందట. తప్పుకున్నాడు.

మా పల్లెలో గుసగుసలు మొదలయ్యాయి. పెళ్లి చేసి పంపిన పిల్లను తెచ్చుకుందని పెద్దలు పిలిచి మందలించారు. ఆ ఆదివారం అమ్మమ్మ తెల్లచీర కట్టుకుని, పిన్నిని పక్కన కూర్చోబెట్టుకుని, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. పిన్ని తర్వాత అంగన్‌వాడీ టీచరుగా చేసి కొడుకును పెంచుకుంది. ఆ ఇంటికి మళ్లీ వెళ్లలేదు.

"స్త్రీ మౌనంగా ఉండాలని బైబిల్లో ఉంది కదా" అని ఎవరో అడిగితే, అమ్మమ్మ రెండో సమూయేలు 21వ అధ్యాయం తీసి రిస్పా కథ చదివిందని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. రిస్పా సౌలు రాజుకు ఉపపత్ని. దేశంలో మూడేళ్ల కరువొస్తే, సౌలు చేసిన పాపానికి బదులుగా అతని వంశంలో ఏడుగురిని ఉరితీస్తారు. అందులో ఇద్దరు ఆమె కొడుకులు. ఆమె గోనెపట్ట ఒకటి తెచ్చుకుని కొండ మీద పరచుకుంటుంది. కోతలు మొదలైనప్పటి నుంచి వాన కురిసేదాకా అక్కడే ఉండి, పగలు పక్షులను, రాత్రి అడవి మృగాలను ఆ శవాల మీదకు రానివ్వదు. సంగతి అప్పటి రాజు దావీదుకు తెలుస్తుంది. అప్పుడు రాజు కదిలి, సౌలు, అతని కొడుకు యోనాతానుల ఎముకలు తెప్పించి, ఉరితీసినవారి ఎముకలు కూడా ఏరించి పాతిపెట్టిస్తాడు. ఇంత కథలో రిస్పా పలికిన మాట ఒక్కటి కూడా రాసి లేదు. "ఆమె నోరు తెరవలేదు, నిజమే. అక్కడి నుంచి లేవనూ లేదు" అని అమ్మమ్మ పుస్తకం మూసిందట. మౌనం గురించి ఇంతకన్నా మంచి ప్రసంగం నేను ఏ గుడిలోనూ వినలేదు.

యోహాను సువార్త పదో అధ్యాయంలో ప్రభువు తన ప్రాణాన్ని ఎవరూ తీసుకోవడం లేదని, తానే పెడుతున్నానని అంటాడు. సిలువను చూపించి ఆడవాళ్లకు ఓర్పు నేర్పేవాళ్లు ఈ మాట ఎందుకు వదిలేస్తారో నాకు అర్థం కాదు. అమ్మమ్మ తన పిడికెడు బియ్యం తానే తీసి పెట్టింది. పిన్ని ఒంటి మీద పడిన దెబ్బలు ఆమె పెట్టిన అర్పణ కాదు. ఈ రెంటినీ ఒకే మాటతో పిలవకూడదు.

అయితే ఇష్టపడి చేసిన త్యాగంలోనూ ఒక నొప్పి ఉంది. అది మా పెద్దమ్మ దగ్గర తెలుసుకున్నాను. ఇంట్లో పెద్దపిల్ల ఆవిడే. గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో నర్సు ట్రైనింగ్ చేసి, తర్వాత ప్రభుత్వ ఉద్యోగంలో చేరింది. ఆ ఆసుపత్రిని స్థాపించిన డాక్టర్ అన్నా కుగ్లర్ గురించి ఎంత గర్వంగా చెబుతుందో! 1883లో పెన్సిల్వేనియా నుంచి గుంటూరు వచ్చినప్పుడు ఆవిడను వైద్యానికి పంపలేదు, ఇళ్లలో ఆడవాళ్లకు చదువు చెప్పడానికి పంపారు. మగ డాక్టరుకు చూపించుకోలేక బాధపడే ఆడవాళ్లను చూసి ఊరుకోలేక వైద్యం మొదలుపెట్టింది, మిషన్‌ను ఒప్పించింది, 1898 నాటికి ఆసుపత్రి నిలబెట్టింది. 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. "ఆవిడ అడిగింది కాబట్టే ఆసుపత్రి వచ్చింది" అంటుంది పెద్దమ్మ.

తను మాత్రం ఏమీ అడగలేదు. మొదటి జీతం నుంచి ఇంటికి మనియార్డర్లు. మామయ్య చదువు, అమ్మ టీచర్ ట్రైనింగ్, పిన్ని పెళ్లి అన్నీ ఆ డబ్బుతోనే. తన పెళ్లి ముప్పై ఆరో ఏట అయింది. నా ఇంటర్ ఫీజు కట్టిందీ ఆవిడే. "బాధ అనిపించలేదా పెద్దమ్మా?" అని రెండేళ్ల క్రితం అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. "మొదట్లో నేనే ఇస్తానన్నాను, సంతోషంగా ఇచ్చాను. తర్వాత తర్వాత మనియార్డర్ వచ్చిందా అనే అడిగేవాళ్లు. నువ్వు తిన్నావా అని ఎవరూ అడగలేదు" అంది. ఆ డబ్బుతో చదువుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మీ పరిస్థితి ఏమిటో మీరు రాయలేదు. దెబ్బలే గనుక ఉంటే, దయచేసి ఎవరి ప్రసంగం కోసమూ ఆగకండి. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. 2005లో వచ్చిన గృహ హింస చట్టం ప్రకారం రక్షణ అడిగే హక్కూ, ఆ ఇంట్లో ఉండే హక్కూ మీకున్నాయి. దెబ్బలు లేకుండా, ఇంట్లో అందరికీ మీరే చేస్తూ అలసిపోతున్నా, ఆ మాట బయటికి చెప్పండి. తన తోబుట్టువు మరియ పనిలో సాయం చేయడం లేదని మార్త ప్రభువుతోనే చెప్పుకుంది కదా.

పెద్దమ్మకు ఇప్పుడు డెబ్బై ఏడు. ఉద్యోగమంతా తెల్ల యూనిఫాం, ఆదివారాలు తెల్లచీర. పోయిన క్రిస్మస్‌కు ఏటా ఇచ్చినట్టే తెల్లది కొనబోతూ, షాపులోంచి ఫోన్ చేసి "ఏ రంగు కావాలి పెద్దమ్మా?" అన్నాను. ఆలోచిస్తుందనుకున్నాను. వెంటనే చెప్పింది: "చిలకపచ్చ. అంచు వెడల్పుగా ఉండాలి."