న్యూజెర్సీలో పాత ఇల్లు, పెరట్లో భూమిలోపల ఆయిల్ ట్యాంకు: కొనొచ్చా?

1960ల్లో కట్టిన ఇల్లు నచ్చింది, ట్యాంక్ స్వీప్‌లో (భూమిలో పాతిన ట్యాంకుల కోసం పరికరంతో వెతకడం) పెరట్లో, ఇల్లు వేడిచేసుకునే హీటింగ్ ఆయిల్ నింపిన పాత ట్యాంకు బయటపడింది, సెల్లరేమో "ఎప్పుడో ఇసుక పోసి మూసేశాం, భయం లేదు" అంటున్నాడు, నమ్మొచ్చా అని అడిగారు. ట్యాంకు ఉందని ఇల్లు వదులుకోనక్కర్లేదండీ. కానీ దాని సంగతి తేలకుండా క్లోజింగ్‌కి, అంటే డబ్బు కట్టి ఇల్లు మీ పేరున మార్చుకునే రోజుకి, వెళ్లకండి.

ఇసుక పోశారంటే ట్యాంకు కూలి నేల కుంగదని అర్థం, అంతే. అంతకుముందే ఆయిల్ కారిందా లేదా అన్నది ఇసుక చెప్పదు. అప్పటి టౌన్‌షిప్ పర్మిట్, మట్టి పరీక్షల ల్యాబ్ రిపోర్టు అడగండి. చాలామంది దగ్గర రెండోది ఉండదు. ఇక్కడ 1976 నాటి స్పిల్ చట్టం ఒకటుంది. ఆయిల్ ఎవరి హయాంలో కారినా, తెలిసి కొన్నవాళ్ల మెడకీ క్లీనప్ బాధ్యత చుట్టుకోగలదు. మీకిప్పుడు తెలిసిపోయింది కదా! ఇంటి ఇన్సూరెన్సులు కూడా సాధారణంగా దీన్ని కవర్ చెయ్యవు.

మేం కొన్నప్పుడూ ఇదే గొడవ. ట్యాంకు తీయించడం, మట్టి పరీక్షలు, అవసరమైతే క్లీనప్, పని ముగిసిందని ప్రభుత్వం ఇచ్చే చివరి లెటర్ అన్నీ సెల్లర్ ఖర్చేనని అటార్నీ చేత కాంట్రాక్టులో రాయించాం. పైకి లేపి చూస్తే అడుగున తుప్పు పట్టి చిల్లులు, గోతిలోంచి ఆయిల్ వాసన. అలా కనిపిస్తే డీఈపీకి, అంటే రాష్ట్ర పర్యావరణ శాఖకి, హాట్‌లైన్‌లో చెప్పాల్సిందే. కేసు నంబరు ఇస్తారు. మా ఏజెంట్‌కి అక్కణ్ణుంచి ఒకటే టెన్షన్, డీల్ పోతుందేమోనని.

తర్వాత పని పద్ధతిగానే సాగింది. డీఈపీ సర్టిఫికెట్ ఉన్న నిపుణుడి ఆధ్వర్యంలో పాడైన మట్టి తవ్వి లారీలకెత్తారు. గోతి అడుగు నుంచీ నాలుగు గోడల నుంచీ శాంపిళ్లు తీసి, పెట్రోలియం హైడ్రోకార్బన్లు ఎంతున్నాయో ల్యాబ్‌లో చూశారు. ఒక గోడ వైపు పరిమితి దాటితే అటు ఇంకా తవ్వారు. అదృష్టం, భూగర్భజలం దాకా పోలేదు. పోయుంటే మానిటరింగ్ బావులు వేసి నీళ్లు పరీక్షిస్తూ ఉండాలి, ఖర్చూ కాలమూ వేరే లెవెల్. చివరికి మంచి మట్టి నింపి, రిపోర్టు డీఈపీకి పంపితే, ఇంకేమీ చెయ్యనక్కర్లేదని 'నో ఫర్దర్ యాక్షన్' లెటర్ వచ్చింది. పెట్రోల్ బంకులు, ఫ్యాక్టరీల స్థలాలకైతే 2009 చట్టం తర్వాత లైసెన్సున్న ప్రైవేటు నిపుణులే ముగింపు పత్రం ఇస్తున్నారు. ఇళ్ల ట్యాంకులకి డీఈపీయే ఇస్తుంది.

మట్టి శాంపిళ్లు తీసేవాళ్లూ తవ్వేవాళ్లూ ఒకే కంపెనీ అయితే నాకు నచ్చదు. ఎంత తవ్వితే అంత బిల్లు కదా. వీలైతే రిపోర్టు ఇంకో నిపుణుడికి చూపించండి.

"ముందు క్లోజింగ్ చేద్దాం, కొంత డబ్బు ఎస్క్రోలో పెడతా" అని సెల్లర్ అనొచ్చు (ఎస్క్రో అంటే పని అయ్యేదాకా డబ్బు మూడో వ్యక్తి దగ్గర ఉంచడం). తవ్వేదాకా ఖర్చెంతో ఎవరికీ తెలియదు కాబట్టి నేనైతే ఒప్పుకోను. మీ రేట్ లాక్ (లోన్ వడ్డీ రేటు మారకుండా బ్యాంకు ఇచ్చిన హామీ) గడువు దగ్గరపడి తప్పదనుకుంటే, ఎస్క్రో డబ్బు చాలకపోయినా మిగతాది సెల్లరే కట్టాలని అటార్నీతో రాయించండి.