గుత్తకిచ్చిన బాత్రూం కారుతోంది, మేస్త్రీ పాత ఇల్లంటున్నాడు... ఏం చేయాలి?

ప్రశ్న: మాది హనుమకొండ. నేను రిటైర్డ్ టీచర్‌ను. ఇల్లు కట్టి 24 ఏళ్లయింది. పై అంతస్తు బాత్రూం కొత్తగా చేయించడానికి, బయటి గోడలకు ప్లాస్టరింగ్ బాగుచేసి రంగులు వేయించడానికి తెలిసినవాళ్లు చెప్పిన ఒక కాంట్రాక్టర్‌కు మెటీరియల్‌తో సహా 3 లక్షల 80 వేలకు గుత్తకిచ్చాం. 2 లక్షల 40 వేలు ఫోన్‌పేలో, 70 వేలు చేతికి ఇచ్చాం. జూన్‌లో పని అయిపోయిందన్నాడు. జులై వానలకు బయటి గోడ పెచ్చులూడింది. వాన లేని రోజు కూడా బాత్రూం కింద ఉన్న హాలు స్లాబ్ చెమ్మగిల్లి బొట్లు పడుతున్నాయి. ఫోన్ చేస్తే "పాత ఇల్లు మేడం, వానకు నేనేం చేస్తా" అంటున్నాడు. పైగా మిగిలిన 70 వేలు ఇవ్వకపోతే పోలీస్ కేసు పెడతానంటున్నాడు. అగ్రిమెంట్ రాసుకోలేదు, అతను కాగితం మీద లెక్క రాసి వాట్సాప్‌లో పంపిన ఫొటో ఒక్కటే ఉంది. మా మరిది 420 కేసు పెట్టమంటున్నాడు. పరంజి కర్ర పడి పక్కింటివాళ్ల రేకులు పగిలాయి, వాళ్లు మమ్మల్ని 12 వేలు అడుగుతున్నారు. వేరే మేస్త్రీని మాట్లాడుకున్నాం, సోమవారం టైల్స్ పగలగొట్టి పని మొదలుపెడతానన్నాడు. మాకు న్యాయం జరిగే దారి ఉందా?

జవాబు: టీచర్ గారూ, ముందు ఆ సోమవారం పని ఆపండి. మీ కేసుకు ప్రాణం ఆ టైల్స్ కిందే ఉంది. పాత మేస్త్రీ వాటర్ ప్రూఫింగ్ చేశాడా లేదా, నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే జాలీ కింది అమరిక) చుట్టూ సందు సరిగ్గా మూశాడా లేదా అన్నది అక్కడే తెలుస్తుంది. కొత్త మేస్త్రీ సుత్తి వేసిన మరుక్షణం ఆ సాక్ష్యం చెత్త బస్తాల్లోకి పోతుంది. ఆ తర్వాత "నేను చేసిన పని బాగానే ఉండె, వీళ్లే పగలగొట్టుకున్నారు" అని అతనంటే మీ దగ్గర జవాబుండదు. బాత్రూం కేసులు చాలావరకు చట్టం తెలియక కాదు, ఇట్లా తొందరపడి పగలగొట్టుకోవడం వల్లే బలహీనపడతాయి.

లైసెన్స్ ఉన్న సివిల్ ఇంజనీర్ ఒకరిని పిలిపించండి. ఆయన ముందు బాత్రూం నీళ్లు పోయే దారి గుడ్డతో బిగించి, నేల మీద రెండు అంగుళాల నీళ్లు నిలిపి, ఒక రాత్రి ఒక పగలు ఉంచండి. ఆ నీళ్లలో బట్టలకు వాడే నీలిమందు కలిపితే ఇంకా మంచిది. కింద హాలు స్లాబ్‌కు నీలం మరక దిగితే, అది వాన నీళ్లా బాత్రూం నీళ్లా అన్న వాదన అక్కడికక్కడే తేలిపోతుంది. నీళ్లు నిలిపినప్పుడు కాకుండా గుడ్డ తీసి వదిలినప్పుడు మరక వస్తే, తప్పు పైపు జాయింట్‌లో ఉందని అర్థం. బయటి గోడను చిన్న కర్రతో తట్టుకుంటూ పొండి. డొల్ల శబ్దం వచ్చిన ప్రతిచోటా సుద్దముక్కతో గుండ్రంగా గీసి ఫొటో తీయండి. పాత ప్లాస్టరింగ్ చెక్కకుండా పైన పుట్టీ పూసి రంగు కొడితే శబ్దం అట్లాగే వస్తుంది. వీటన్నిటి మీద ఇంజనీర్ సంతకంతో రిపోర్టు, మళ్లీ చేయించడానికి ఎంతవుతుందో ఎస్టిమేట్ తీసుకోండి. ఈ పరీక్షకు రమ్మని పాత కాంట్రాక్టర్‌కు తేదీ, టైం వాట్సాప్‌లో పెట్టండి. వస్తే అతని కళ్ల ముందే జరుగుతుంది, రాకపోతే పిలిచినా రాలేదన్నది మీకే పనికొస్తుంది.

ఇక అతని మీద ఏ కోర్టుకు పోవచ్చన్నది మీ ఉత్తరంలోని ఒక్క మాట తేల్చేసింది: గుత్త. రోజు కూలికి మేస్త్రీని పెట్టుకుని, సిమెంట్, పైపులు మీరే తెచ్చి, మీరే దగ్గరుండి చేయించుకుని ఉంటే, ఎదుటివాళ్లు ఇది మీ కింద పనిచేసిన మనిషి సంగతి అని వాదిస్తారు. అట్లాంటి వ్యక్తిగత సేవ ఒప్పందాలను వినియోగదారుల చట్టం బయట పెట్టింది. మీరు ఇంత మొత్తానికి ఈ పని పూర్తిచేసి అప్పగించు అని ఇచ్చారు. ఎవరిని పనిలో పెట్టుకోవాలి, ఎట్లా చేయాలి అన్నది అతని ఇష్టం. అది డబ్బు తీసుకుని అందించిన సేవ. ఇళ్ల నిర్మాణం సేవ కిందికే వస్తుందని సుప్రీంకోర్టు లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో 1993లోనే చెప్పింది, 2019 వినియోగదారుల రక్షణ చట్టం నిర్వచనంలోనూ ఆ మాట ఉంది. అతనికి బోర్డు, ఆఫీసు, రిజిస్ట్రేషన్ ఏమీ లేకున్నా ఫరక్ పడదు.

అగ్రిమెంట్ లేదని చాలామంది సగం ధైర్యం అక్కడే పోగొట్టుకుంటారు. మన కాంట్రాక్ట్ చట్టం 1872 నాటిది, అది ఇట్లాంటి పనికి నోటిమాట ఒప్పందాన్నీ ఒప్పుకుంటుంది. వంద రూపాయల బాండ్ పేపర్ మీద రాస్తేనే చెల్లుతుందన్నది మనవాళ్ల నమ్మకం తప్ప చట్టం కాదు. మీ దగ్గర అతని చేతిరాత లెక్క ఉంది. ఫోన్‌పే హిస్టరీకి బ్యాంకు స్టేట్‌మెంట్ తోడవుతుంది. చేతికిచ్చిన 70 వేల సంగతే కొంచెం చిక్కు. "మొత్తం 3 లక్షల 10 వేలు ముట్టినయ్ కదా, మిగతాది 70 వేలే కదా" అని మామూలుగా ఒక మెసేజ్ పెట్టి చూడండి. మిగతాది 70 వేలే అని అతనే అడుగుతున్నాడు కాబట్టి అవునంటాడు, అదే మీకు రసీదు.

ఆ వాట్సాప్ చాట్‌లో మెసేజ్‌లు వాటంతటవే చెరిగిపోయే సెట్టింగ్ ఆన్‌లో ఉందేమో ఇప్పుడే చూసుకోండి. ఫోన్ మార్చకండి, మనవళ్ల చేతికివ్వకండి. ప్రింట్లు కోర్టులో ఇచ్చేటప్పుడు అవి ఆ ఫోన్‌లోంచి తీసినవేనని చెప్పే సర్టిఫికెట్‌ను భారతీయ సాక్ష్య అధినియం (పాత ఎవిడెన్స్ యాక్ట్ చోట వచ్చిన చట్టం) 63వ సెక్షన్ కింద జతచేయాలి.

"పాత ఇల్లు" అన్న జవాబు వినడానికి బాగుంటుంది, నిలబడదు. అతను ఇల్లు చూశాకే లెక్క రాశాడు. పాత ఇల్లు కాబట్టే రిపేరుకు పిలిచారు, కొత్త ఇల్లయితే అతని అవసరమేముంది? పాత పైపులైన్ పాడైందని తెలిసి, మార్చాలని అతను చెప్పినా మీరు వద్దని ఉంటే మాత్రం కథ మారుతుంది. అట్లాంటి సంభాషణ జరిగి ఉంటే మీ వకీలు దగ్గర దాచకండి. వాన సంగతంటారా, 2020 ఆగస్టులో, 2023 జులైలో వరంగల్ మునిగినట్టు మునిగితే దైవాధీనం అని వాదించుకోవచ్చు. ఏటా వచ్చే జులై వానకు ఆ పేరు పెట్టలేం. బయటి గోడ రిపేరు చేయించుకునేదే ఆ వాన కోసం. పైగా వాన లేని రోజు పడే బొట్లకు వానేం చేస్తుంది?

తర్వాతి అడుగు నోటీసు. చట్టం తప్పనిసరి అనకపోయినా ఇవ్వండి. ఏం పని ఒప్పుకున్నాడు, ఎంత ముట్టింది, ఏం పాడైంది, 15 రోజుల్లో వచ్చి తన ఖర్చుతో సరిచేయాలి, లేదంటే కేసు వేస్తాం అని ఒకటిన్నర పేజీలో స్పీడ్ పోస్టులో పంపండి. చాలా సంగతులు ఈ దశలోనే సర్దుకుంటాయి. అతను వచ్చి చేస్తానంటే చేయనివ్వండి, కానీ ఈసారి కాగితం మీద రాయించుకుని, టైల్స్ వేయకముందు మళ్లీ నీళ్లు నిలిపి చూశాకే.

రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు. అతని ఊరు ఏదైనా సరే, మీరుండే చోటే వేయవచ్చు. పని విలువ 50 లక్షల లోపు కాబట్టి జిల్లా కమిషన్ పరిధే, 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు, ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే దారి చెబుతారు. గడువు రెండేళ్లు. పని ముగిసిన జూన్ నుంచే లెక్కపెట్టుకోండి, నాలుగు వారాలు అటుఇటుగా వాదించుకునే పరిస్థితి తెచ్చుకోవద్దు. స్లాబ్ మరీ దిగజారేలా ఉండి ఆగలేకపోతే, ఫిర్యాదుతో పాటే అడ్వొకేట్ కమిషనర్‌ను (కమిషన్ తరఫున వచ్చి చూసి రిపోర్టు రాసే వకీలును) వేసి పరిస్థితి రికార్డు చేయించమని పిటిషన్ వేయండి. ఆ తర్వాత కొత్త మేస్త్రీ నిశ్చింతగా పగలగొట్టుకోవచ్చు. మూడు నెలల్లో, పరీక్షలు అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. అంతకంటే ఎక్కువే పడుతుందని మనసులో పెట్టుకుని దిగండి.

ఏం అడగాలో కూడా చెప్తాను. ఇచ్చిన 3 లక్షల 10 వేలు మొత్తం తిరిగివ్వమనడం కంటే, ఇంజనీర్ రాసిన రిపేరు ఖర్చు, హాలుకు జరిగిన నష్టం, కేసు ఖర్చులు, ఇబ్బందికి ఒక మోస్తరు పరిహారం అడగండి. కమోడ్, ట్యాపులు మీరు వాడుకుంటూనే ఉన్నారు కదా. మానసిక వేదనకు పది లక్షలు అని రాస్తే కమిషన్ ఎట్లాగూ కోస్తుంది, పైగా మిగతా మాటల మీద నమ్మకం తగ్గుతుంది. ఉత్తర్వు వచ్చాక అతను ఖాతరు చేయకపోతే నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25 వేలకు తగ్గకుండా లక్ష దాకా జరిమానా, లేదంటే రెండూ పడొచ్చు.

మరిది గారి 420 ఇప్పుడు లేదు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ దాని చోట వచ్చింది. నంబర్ మారినా సూత్రం పాతదే: డబ్బు తీసుకున్న రోజే మోసం చేయాలన్న ఉద్దేశం ఉండాలి. అడ్వాన్సు తీసుకుని మొహం చూపించకుండా పోతే అది వేరు. ఇతను పనైతే చేశాడు, పాడుగా చేశాడు. స్టేషన్‌కు పోతే "సివిల్ మ్యాటర్" అని పంపించేస్తారు. అదే మాట అతని బెదిరింపుకూ వర్తిస్తుంది కాబట్టి ఆ టెన్షన్ వదిలేయండి. మిగిలిన 70 వేలు ఇవ్వకండి, కానీ ఊరికే ఆపకండి. లోపాలు సరిచేసేదాకా ఆపుతున్నామని నోటీసులో రాయండి. కారణం చెప్పి ఆపడానికీ ఎగ్గొట్టడానికీ కోర్టులో చాలా తేడా ఉంటుంది.

పక్కింటి రేకులు మిగిలాయి. పరంజి కట్టింది కాంట్రాక్టర్ మనుషులు, నష్టం అతనే భరించాలి. కానీ పక్కింటివాళ్లకు మీ మేస్త్రీతో పనేముంది, వాళ్లు మీ గడపే తొక్కుతారు. రోజూ మొహాలు చూసుకునేవాళ్లతో 12 వేల కోసం చట్టం మాట్లాడుకోవద్దని నా సలహా. ముందు ఆ రేకుల ఫొటోలు తీసి, షాపు బిల్లు చూపించమని, ఆ మేరకు ఇచ్చేసి వాళ్లతో రెండు ముక్కలు రాయించుకోండి: ఫలానా రోజు పరంజి కర్ర పడి పగిలిన రేకులకు ఇంత ముట్టింది అని. ఆ చీటీ కాంట్రాక్టర్ నోటీసుకు జతచేసి, మీ నష్టంలో కలిపి అడగండి.