హ్యూస్టన్‌లో స్పానిష్ టీవీ న్యూస్‌రూమ్‌లో ఇంటర్న్‌షిప్ వచ్చింది, చేరమంటారా?

చేరండి. 2024 వేసవిలో అదే ఊళ్లో నేనూ చేశాను. జీతం లేదు. మీకూ లేదంటున్నారు కాబట్టి అద్దె సంగతి ముందే చూసుకోండి. "జర్నలిజం మాస్టర్స్ చేస్తూ స్పానిష్ చానల్ ఏంటి" అని రూమ్మేట్లు నవ్వుతున్నారని రాశారు. మా పిన్ని అయితే "అంత దూరం వెళ్లి ఇంగ్లిష్ చానల్ ఒక్కటీ దొరకలేదా తల్లీ" అంది.

ఏ చానలో చెప్పను. హ్యూస్టన్‌లో పెద్దవి యూనివిజన్ 45, టెలిముండో 47. సాయంత్రం 5కి, రాత్రి 10కి బులెటిన్లు. మన చానళ్లలో పని చూసినవాళ్లకి బైట్లు (జనం మాట్లాడిన ముక్కలు), విజువల్స్, ప్యాకేజీలు (అవన్నీ కలిపి అల్లిన కథనాలు) కొత్తేం కాదు, పేర్లే మారతాయి. వార్తా కథనాన్ని వాళ్లు "నోటా" అంటారు. మొదటి రోజు మీటింగ్‌లో "ఇవాళ ఎన్ని నోటాలు" అంటుంటే నాకు మన ఓటింగ్ మెషీన్‌లో చివరి బటన్ గుర్తొచ్చి నవ్వాగలేదు.

మీ బీ2 (మధ్యస్థాయి దాటిన) స్పానిష్ సరిపోతుందా అన్నారు. సరిపోతుంది, కానీ అది ఎక్కడి స్పానిష్ అన్నది చూసుకోండి. హైదరాబాద్‌లోని భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో నేను నేర్చుకున్నది స్పెయిన్ వాళ్లది. అక్కడ "కొహెర్" అంటే తీసుకోవడం, అందుకోవడం. మెక్సికో వాళ్లకి అది బూతు. ఫోన్ మోగుతుంటే "నేను తీస్తా" అనబోయి ఆ క్రియే వాడాను. డెస్క్ డెస్కంతా ఇటు తిరిగింది. ఇంకో సంగతి, అవతల ఉన్నది పెద్దవాళ్లయితే "తూ" అనకండి, "ఉస్తెద్" అనండి. నువ్వు, మీరు తేడా తెలిసిన మనకి ఇదో లెక్క కాదు.

ఇంటర్న్‌ని మొదట కూర్చోబెట్టేది అసైన్‌మెంట్ డెస్క్ ఫోన్ దగ్గర, అంటే బయటి నుంచి వార్తల కబుర్లు వచ్చే చోట. నాకు చిన్నతనంగా అనిపించింది, ఎడిటింగ్ నేర్చుకుందామని వస్తే రిసెప్షనిస్టు పనేంటని. జులై 8 దాకా అలాగే అనుకున్నాను.

ఆ తెల్లవారుజామున బెరిల్ తుపాను టెక్సస్‌లో మాటగోర్డా దగ్గర తీరం దాటింది. తీవ్రత కేటగిరీ 1 మాత్రమే, ఐదింట్లో అన్నిటికన్నా తక్కువది. అయినా హ్యూస్టన్ చుట్టుపక్కల 20 లక్షలకు పైగా కనెక్షన్లకి కరెంటు పోయింది, కొన్ని పేటలకి వారం దాటినా రాలేదు. బయట మాడిపోయే ఎండ. ఎక్కడ కరెంటు ఉందో చూపించే మ్యాప్ కూడా లేదు. జనం వాటాబర్గర్ అనే బర్గర్ షాపుల యాప్ తెరిచి, ఏ షాపు తీసి ఉందో చూసి, ఆ వీధికి కరెంటు వచ్చిందని లెక్కేసుకునేవాళ్లు.

మా ఫోన్ ఆగలేదు. వార్త ఇవ్వడానికి చేసేవాళ్లు తక్కువ, అడగడానికే ఎక్కువ. ఐస్ ఎక్కడ ఇస్తున్నారు? ఫ్రిజ్ లేకపోతే ఇన్సులిన్ పాడవుతుందా? విపత్తు సాయం ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఫీమాకి దరఖాస్తు పెడితే కాగితాలు లేవని పట్టుకుంటారా? అప్పటి నిబంధన ప్రకారం ఇంట్లో అమెరికా పౌరులైన పిల్లలుంటే వాళ్ల తరఫున తల్లిదండ్రులు పెట్టుకోవచ్చు. ఆ ఒక్క ముక్కే ఎన్నిసార్లు చెప్పానో. తెలియనిది అడిగితే "కనుక్కుని నేనే ఫోన్ చేస్తాను" అని నంబరు రాసుకునేదాన్ని, చేసేదాన్ని కూడా. అందులోంచే మర్నాటి నోటాలు పుట్టేవి. ముగ్గురు నలుగురు ఒకటే అడిగితే అది వార్త అని ప్రొడ్యూసర్ లెక్క.

జనరేటర్ల హెచ్చరిక స్క్రిప్టు నన్ను రాయమన్నారు. ఇంట్లోగానీ గరాజ్‌లోగానీ నడిపితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగుండదు, వాసనుండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. నేను నిఘంటువు మాట "హెనెరదోర్" వేశాను. ఎడిటర్ పక్కనే "ప్లాంతా దె లూస్" అని చేర్చింది, మా ప్రేక్షకుల్లో చాలామంది ఇళ్లలో అనేది అదేనట. మనవాళ్లు "విద్యుత్ సరఫరాకు అంతరాయం" అని చదువుతుంటే మా తాతయ్య "కరెంటు పోయిందని చెప్పడానికి ఇంతనా" అనేవాడు. ఆ ఎడిటర్‌కి మా తాతయ్య నచ్చేవాడు.

ఒక తప్పూ చేశాను. గల్ఫ్‌టన్ అనే పేట నుంచి ఒకావిడ ఫోన్ చేస్తే అపార్ట్‌మెంట్ పేరు రాసుకున్నాను, క్రాస్ స్ట్రీట్ (దాన్ని కలిసే అడ్డవీధి) అడగలేదు. అదే పేరుతో ఇంకోటి ఉంది. కెమెరా వాళ్లు అక్కడికెళ్లి గంట పోగొట్టుకున్నారు. మనం కూరగాయలకీ బిర్యానీకీ వెళ్లే హిల్‌క్రాఫ్ట్‌ని ఆనుకునే ఉంటుంది గల్ఫ్‌టన్. అన్నేళ్లు ఆ రోడ్డు మీద తిరిగి, పక్క వీధుల్లో హోండురాస్, ఎల్ సాల్వడార్ వాళ్లు ఉంటారని కూడా నాకు తెలియదు. తర్వాత నేనే వెళ్లాను. ఆవిడ ముఖం చూపించొద్దంది, చేతుల్ని మాత్రం వీడియో తీశాం. ఎందుకని అడగలేదు, మీరూ అడక్కండి. నన్ను "మిహా" అని పిలిచింది, మన "అమ్మాయ్" లాంటిదే.

ఉద్యోగం వస్తుందా అంటే, నాకు అక్కడ రాలేదు. వీసా స్పాన్సర్ చేసే లోకల్ స్టేషన్లు అరుదు, ఆ ఆశతో చేరకండి. ఇప్పుడు ఒక చిన్న క్లినిక్‌లో రెండు భాషల్లో సమాచారం రాసే పని చేస్తున్నాను. ఇంటర్వ్యూలో వాళ్లు అడిగింది ఆ ఫోన్ల గురించే.

ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నారు కదా, జీతం లేదు కాబట్టి సీపీటీ (చదువులో భాగంగా పని చేయడానికిచ్చే అనుమతి) అక్కర్లేదని ఎవరైనా అంటే నమ్మకండి. మొదట మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగండి. వాళ్లిచ్చే ఐ-20 పత్రం మీద సీపీటీ పడి, అందులోని తేదీ వచ్చేదాకా న్యూస్‌రూమ్‌లో అడుగు పెట్టకండి. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు నిండితే అదే స్థాయి డిగ్రీకి ఓపీటీ (చదువయ్యాక పని చేసుకునే అనుమతి) పోతుంది, ఒక వేసవితో ఏమీ కాదు. అన్నట్టు ఒక స్వెటర్ పెట్టుకోండి, జులైలో కూడా ఆ స్టూడియో ఏసీకి పళ్లు టకటకలాడతాయి.