పాఠకుల ప్రశ్నలు – నిపుణుల జవాబులు: పక్షవాతం తర్వాత మతిమరుపు, మందులు కాక ఇంకేం చేయొచ్చు?

ప్రశ్న: మా వారికి 58 ఏళ్లు. నాలుగు నెలల క్రితం పక్షవాతం వచ్చింది. చెయ్యి, కాలు చాలావరకు కుదుటపడ్డాయి. కానీ చెప్పిన మాట పది నిమిషాల్లో మరిచిపోతున్నారు. మాత్ర వేసుకున్నారో లేదో ఆయనకే తెలియడం లేదు. జ్ఞాపకశక్తి పెరగడానికి ఇంట్లో చేయించే అభ్యాసాలేమైనా ఉన్నాయా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆయన విని మరిచిపోతున్నారా, లేక మాట అసలు చెవి దాటి లోపలికి వెళ్లడం లేదా అన్నది ముందు తేల్చుకోవాలి. పక్షవాతం తర్వాత చాలామందిలో ముందుగా దెబ్బతినేవి ధ్యాస, ఆలోచనా వేగం. ఇంట్లో దాన్నంతా కలిపి మతిమరుపు అనేస్తారు.

టీవీ ఆపండి. ఎదురుగా కూర్చుని ఒక్క విషయమే చెప్పి, ఆయన చేత తిరిగి చెప్పించండి. పది నిమిషాలాగి అడగండి. రాకపోతే చిన్న ఆసరా ఇవ్వండి: "ఎవరో ఫోన్ చేశారన్నానుగా, పెద్దాడా, చిన్నాడా?" దాంతో చెప్పగలిగితే విషయం లోపలే ఉందన్నమాట, తీయడానికే సమయం పడుతోంది. అలాంటివారికి నిదానంగా, ఒక్కొక్కటిగా చెప్పడమే సగం చికిత్స. ఆసరా ఇచ్చినా రాకపోతే డాక్టరుతో మాట్లాడి, జ్ఞాపకం, ధ్యాస ఎలా ఉన్నాయో చూసే 30 మార్కుల మోకా లాంటి పరీక్ష చేయించండి. అప్పుడే దిగులు, థైరాయిడ్, బీ12 లోపం, వినికిడి కూడా చూపించండి. మాట తడబడే రోగిని మతి తప్పినవాడిగా లెక్కగట్టడం తరచూ జరిగే పొరపాటు. ఒకటి రెండు రోజుల్లోనే ఉన్నట్టుండి తికమక పెరిగితే మాత్రం అభ్యాసాల జోలికి పోకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు, మళ్లీ పక్షవాతం (స్ట్రోక్) కావచ్చు.

ఇక మాత్రల సంగతి. నేర్పాల్సిన విషయాన్ని ఒకే ప్రశ్న, ఒకే జవాబుగా కుదించండి. "రాత్రి మాత్ర ఎక్కడుంది?" "ఫ్రిజ్ మీద నీలం డబ్బాలో." మీరే జవాబు చెప్పి, వెంటనే ఆయన చేత చెప్పించండి. తర్వాత 30 సెకన్లకు, 1 నిమిషానికి, 2, 4, 8, 16 నిమిషాలకు అదే ప్రశ్న అడగండి. మధ్యలో వేరే కబుర్లు చెప్పుకోవచ్చు. ఎక్కడైనా తప్పితే సరైన జవాబు మీరే వెంటనే అందించి, ఒకసారి చెప్పించి, అంతకుముందు నెగ్గిన వ్యవధికి వెనక్కి రండి. "గుర్తు తెచ్చుకోండి, ప్రయత్నించండి" అని ఒత్తిడి పెట్టకండి. ఊహించి చెప్పిన తప్పు జవాబే మనసులో నాటుకుపోతుంది; జ్ఞాపకం దెబ్బతిన్నవారు ఆ తప్పును తర్వాత దిద్దుకోలేరు. జవాబు నోటితో చెప్పడంతో సరిపెట్టకుండా, లేచి వెళ్లి డబ్బా తెరిచి చూపించమనండి.

అలారం పెట్టినా కొందరు బొటనవేలితో నొక్కేసి మరిచిపోతారు. అందుకే "మాత్ర చేతిలోకి వచ్చాకే అలారం ఆపాలి" అన్నది నియమంగా నేర్పండి. వారానికి ఏడు అరలుండే మాత్రల పెట్టె వాడితే వేసుకున్నారో లేదో ఖాళీ అరే చెబుతుంది, రెండోసారి మింగే ప్రమాదమూ తప్పుతుంది. ఆ పెట్టెను ఇంట్లో ఇంకొకరు నింపాలి.

నోటు పుస్తకం ఒక్కటే ఉండాలి, ఎప్పుడూ ఒక్క చోటే ఉండాలి. మొదటి దశలో మీరు రాయండి, ఆయన చదవాలి. రెండో దశలో మీరు గుర్తు చేస్తే ఆయన రాయాలి. మూడో దశలో అలారం మోగగానే తనంతట తానే తెరవాలి. కొనిచ్చి చేతిలో పెడితే వాడేస్తారనుకోవడం వల్లే చాలా ఇళ్లలో ఆ పుస్తకం వారంలో మూలన పడుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి నాన్నకి ఫోన్లో మెదడు ఆటల యాప్ పెట్టిచ్చాడు. రోజూ గంట ఆడుతున్నారు, స్కోరు బాగా పెరిగింది. మేలు జరుగుతున్నట్టేనా?
– ఒక పాఠకురాలు, సిద్దిపేట

జవాబు: ఆ ఆట వరకే మేలు జరుగుతోంది. ఆటలో వచ్చిన నేర్పు కరెంటు బిల్లు కట్టడంలోకో, సంతలో లెక్క చూసుకోవడంలోకో తనంతట తాను పాకుతుందనడానికి గట్టి ఆధారాలు లేవు. సరదాగా ఉంటే ఇరవై నిమిషాలు ఆడనివ్వండి. మిగతా నలభై నిమిషాలు అసలు పనికి కేటాయించండి: కూరగాయల చీటీ రాయడం, డబ్బు లెక్కపెట్టి ఇవ్వడం, చిల్లర సరిచూసుకోవడం. పనిలో ఎక్కడ తప్పుతున్నారో చూసి, ఆ ఒక్క మెట్టునే పదేపదే చేయించండి. మతిమరుపుకు తల మీద అయస్కాంతం, సన్నటి కరెంటు పెట్టే చికిత్సలు ఇంకా పరిశోధన దశలోనే ఉన్నాయి. ప్యాకేజీ పేరుతో ముందే డబ్బు కట్టమంటే ఆలోచించుకోండి.

ప్రశ్న: అమ్మ కంచంలో కుడివైపు అన్నం తిని, ఎడమవైపుది అలాగే వదిలేస్తోంది. ఎడమ నుంచి పిలిస్తే పలకదు. కళ్ల డాక్టరు చూపు బాగానే ఉందన్నారు. ఇది మతిమరుపేనా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: కాదు. మెదడు కుడి భాగం దెబ్బతిన్నప్పుడు ఎడమ పక్క ప్రపంచమే లెక్కలోకి రాకుండా పోతుంది. చూపు ఉంటుంది, ధ్యాస అటు తిరగదు. తనకు లోపం ఉందని కూడా ఆమెకు తెలియదు కాబట్టి "కనబడట్లేదా అమ్మా?" అని కసరడం వల్ల ఉపయోగం లేదు.

తెలుగు ఎడమ నుంచి కుడికి చదువుతాం గనక దినపత్రికతోనే అభ్యాసం మొదలుపెట్టొచ్చు. పెద్దక్షరాల వార్త ఒకటి కత్తిరించి, ఎడమ అంచు పొడవునా ఎర్ర టేపు అంటించండి. ప్రతి వరుసకూ ముందు తల తిప్పి ఎర్రగీత పట్టుకుని, అక్కడి నుంచే చదవడం మొదలుపెట్టాలి. కళ్లు మాత్రమే కాదు, తల కూడా తిరగాలి. ఎడమచేతి వేలు ఆ గీత మీద ఆనించగలిగితే ఇంకా మంచిది. వరుసలో మొదటి మాటలు వదలకుండా చదవడం కుదిరాక టేపు సన్నం చేస్తూ, చివరికి తీసేయండి. కంచానికీ అదే పద్ధతి: ఎడమ అంచున ఎర్రగుర్తు, సగం తిన్నాక కంచం తిప్పడం.

మంచినీళ్లూ ఫోనూ లాంటి అవసరమైన వస్తువులను మొదట్లో కుడివైపే ఉంచండి. మాట్లాడేటప్పుడు మాత్రం కుడి నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా ఎదురుగా, ఆ తర్వాత ఎడమకు జరగండి. గ్యాస్ స్టవ్ ఎడమ బర్నరు ఆమె ఒంటరిగా వాడకూడదు. రోడ్డు దాటడం, బండి నడపడం సరేసరి. రోజువారీ పనులు మళ్లీ చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టు దొరికితే ఒక్కసారైనా ఇంటికి పిలిచి చూపించండి. గుమ్మాలూ మెట్లూ వాళ్ల కంటికి పడినట్టు మనకు పడవు.

ప్రశ్న: నడక మెదడుకు మంచిదంటున్నారు. ఎంతసేపు? బీపీ మాత్ర వాడుతున్నాను.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: డాక్టరు సరేనన్నాక, వారంలో మూడు నుంచి ఐదు రోజులు, రోజుకు 20 నిమిషాలకు పైగా నడవడం లక్ష్యంగా పెట్టుకోండి. మొదటి వారం ఐదేసి నిమిషాలు మూడు విడతలు చాలు. మాట్లాడగలగాలి, పాట పాడలేనంత ఆయాసం ఉండాలి. అదే సరైన వేగం. అటెనలాల్, మెటోప్రొలాల్ లాంటి మాత్రలు నాడి వేగాన్ని పెరగనివ్వవు, అందుకని వాచీలో కనిపించే అంకె చూసి ఇంకా గట్టిగా నడవాలనుకోకండి. నడక తూలుతున్నప్పుడు నడుస్తూ ఫోన్ మాట్లాడటం పడిపోవడానికి దగ్గరి దారి. ఛాతీలో నొప్పి వచ్చినా, మూతి వంకర పోయినా, చెయ్యి జారినా, మాట తడబడినా 108కి ఫోన్ చేయండి. పక్షవాతంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు లక్షణం మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటల వ్యవధే ఉంటుంది.

ఉప్పు రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా మించకూడదు. కూరలో తగ్గించి ఆవకాయతో తింటే లెక్క మొదటికొస్తుంది. ఇవేవీ బీపీ మాత్రకు బదులు కావు. బీపీ అదుపు తప్పితే మెదడులోని సన్నటి రక్తనాళాలు చడీచప్పుడు లేకుండా మూసుకుపోతాయి, ఎన్ని అభ్యాసాలు చేసినా ఆ నష్టం పూడదు.

ప్రశ్న: రెండు భాషలు వస్తే పక్షవాతం తర్వాత కూడా మెదడు బాగా పనిచేస్తుందట, నిజమేనా? ఇప్పుడు నాన్నకి హిందీ నేర్పించమంటారా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఆ పరిశోధన మీ ఊళ్లోనే జరిగింది. నిమ్స్‌లో 608 మంది స్ట్రోక్ రోగులను పరిశీలించి 2016లో ప్రచురించారు. ఆలోచన, జ్ఞాపకం మామూలుగా ఉన్నవారు రెండు, అంతకుమించి భాషలు వచ్చినవారిలో 40.5 శాతం, ఒక్క భాషే వచ్చినవారిలో 19.6 శాతం. మాట పడిపోవడం మాత్రం రెండు వర్గాల్లోనూ దాదాపు ఒకేలా ఉంది. అయితే ఆ మేలు జీవితమంతా రెండు భాషల మధ్య తిరిగినవారిది. జబ్బు పడ్డాక కొత్త భాష మొదలుపెడితే అదే ఫలితం వస్తుందని ఆ అధ్యయనం చెప్పలేదు. నాన్నగారికి ఉర్దూనో ఇంగ్లీషో ముందే వస్తే పాత మిత్రులతో ఆ భాషలో మాట్లాడించండి. కొత్త పాఠాలతో విసిగించొద్దు.

పాటలకు మాత్రం కాస్త మంచి ఆధారం ఉంది. ఫిన్లండ్‌లో 2008లో వచ్చిన అధ్యయనంలో, స్ట్రోక్ వచ్చిన తొలినాళ్ల నుంచి రెండు నెలల పాటు రోజూ కనీసం గంటసేపు తమకిష్టమైన పాటలు విన్నవారికి, పుస్తకాలు చదివించుకుని విన్నవారికన్నా మాటల జ్ఞాపకం, ధ్యాస బాగా మెరుగుపడ్డాయి. పాటలు ఆయన ఎంచుకున్నవై ఉండాలి. వినేటప్పుడు వినడమే, పక్కన టీవీ నడుస్తుంటే ధ్యాస చెదిరిపోతుంది.

ప్రశ్న: మామయ్యగారు పక్షవాతం తర్వాత విపరీతంగా గురక పెడుతున్నారు, పగలంతా మగతగా ఉంటున్నారు. దీనికీ మతిమరుపుకూ సంబంధం ఉందా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ఉండొచ్చు. గురక మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడినట్టు మళ్లీ అందుకుంటున్నారేమో రాత్రి గమనించి, ఫోన్లో వీడియో తీసి డాక్టరుకు చూపించండి. నిద్రలో ఊపిరి ఎలా ఆడుతోందో చూసే పరీక్ష (స్లీప్ స్టడీ) రాస్తారు. ఊపిరి ఆగకుండా మాస్కు ద్వారా గాలి పంపే సీప్యాప్ యంత్రం ఇస్తే, మొదట పగటిపూట టీవీ చూస్తూ అరగంట మాస్కు పెట్టుకోవడం అలవాటు చేయండి. నేరుగా రాత్రి పెడితే చాలామంది రెండో రోజే పక్కన పడేస్తారు. చెంపల దగ్గర గాలి కారుతుంటే మాస్కు సైజు మార్పించాలి, పట్టీలు బిగించడం వల్ల పుండ్లు పడతాయి. వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోబెట్టండి. డాక్టరును అడగకుండా నిద్రమాత్ర ఇవ్వకండి, ఊపిరి ఆగడం ఇంకా పెరుగుతుంది.