పెద్ద బండి తాగే డీజిల్ ఎక్కడ పోతోంది?

ప్రశ్న: మాది 2.8 లీటర్ల డీజిల్ ఆటోమేటిక్ ఎస్‌యూవీ. కూకట్‌పల్లి నుంచి నానక్‌రామ్‌గూడ ఆఫీసుకి రోజూ దాంట్లోనే వెళ్తాను. కంపెనీ చెప్పిన మైలేజ్‌లో సగం వస్తే గొప్ప. సర్వీసింగ్‌లో అడిగితే బండి బాగానే ఉందంటున్నారు. డీజిల్ పైపుకి అయస్కాంతం బిగిస్తే పెరుగుతుందని తెలిసినాయన చెబుతున్నాడు. బిగించనా?
– కూకట్‌పల్లి పాఠకుడు

జవాబు: వద్దండీ, ఆ డబ్బుతో డీజిల్ కొట్టించుకోండి. బాగున్న ఇంజిన్ తనలోకి వచ్చిన డీజిల్‌ని దాదాపు పూర్తిగా మండించేస్తుంది, కాబట్టి 'ఇంకా బాగా మండిస్తాం' అని అమ్మే ఏ వస్తువుకైనా అక్కడ చేయడానికి పనేమీ మిగలదు.

కంపెనీ చెప్పే అంకె ల్యాబ్‌లో రోలర్ల మీద, ఏసీ ఆపి, గంటకు 90 కిలోమీటర్లు దాటకుండా నడిపి తీసేది. ఉదయం తొమ్మిదిన్నరకి జేఎన్‌టీయూ దాటి సైబర్ టవర్స్ వైపు పాకే బండికి ఆ అంకె రావాలనుకుంటే ఊరికే టెన్షన్ తప్ప ఏమీ ఉండదు.

మీ డీజిల్ పోయేది బ్రేక్ దగ్గర. మనుషులతో కలిపి మీ బండి 2,200 కిలోల పైమాటే. అంత బరువుని ఆగిన చోటు నుంచి 50 స్పీడుకి తీసుకెళ్లడానికి, లెక్క కడితే, సుమారు 20 మిల్లీలీటర్ల డీజిల్ అవుతుంది, ముందు ఆటో అడ్డం రాగానే బ్రేక్ నొక్కారంటే అదంతా వేడిగా మారి గాల్లో కలిసిపోయినట్టే, అంటే అలా యాభై సార్లు లేపి ఆపితే ఒక లీటరు! చిన్న హ్యాచ్‌బ్యాక్‌కి ఇంత పోదు. అందుకే పెద్ద బండి నడిపేవాళ్లు చిన్న కారు వాళ్లకంటే ముందుచూపుతో నడపాలని నేను గట్టిగా చెబుతాను.

ముందు బండికి కాస్త ఎక్కువ గ్యాప్ ఇవ్వండి. ఆ సందులోకి ఎవరో ఒకరు దూరతారు, దూరనివ్వండి, దానివల్ల మీకు పోయేది కొన్ని సెకన్లే. దూరంగా రెడ్ సిగ్నల్ కనపడగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయండి. గేర్‌లో ఉండి బండి దొర్లుతున్నంతసేపు, స్పీడు మరీ తగ్గేదాకా, ఇంజిన్‌కి డీజిల్ సరఫరా ఆగిపోతుంది, అదే న్యూట్రల్‌లో వేస్తే ఇంజిన్ నిలబడడానికి డీజిల్ తాగుతూనే ఉంటుంది. పైగా న్యూట్రల్‌లో బండి మీద పట్టు ఉండదు, ఆ అలవాటుంటే ఇవాళే మానేయండి.

ఏసీ వేసుకుని నిలబడి ఉన్నా ఇంత ఇంజిన్ గంటకు లీటరు దరిదాపుల్లో తాగుతుంది. నిమిషం దాటే సిగ్నల్ అయితే ఇంజిన్ ఆపడమే మేలు. వీలైతే ఓ అరగంట ముందే బయల్దేరండి, ఏ గ్యాడ్జెట్టూ ఇవ్వని మైలేజ్ అది ఇస్తుంది.

ఒక మాట, మీటర్‌లో కనపడే సగటుని నమ్మకండి. ఒకే బంకులో ఆటో కట్ అయ్యేదాకా కొట్టించి ట్రిప్ మీటర్ సున్నా చేయండి, మళ్లీ అక్కడే అలాగే నింపినప్పుడు తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగిస్తే అసలు లెక్క తెలుస్తుంది.

ప్రశ్న: మా బండి మీద క్యారియర్ ఏడాది పొడవునా అలాగే ఉంటుంది. తీసేయమంటే మావారు 'ఖాళీదే కదా, దానివల్ల ఏం పోతుంది' అంటారు. ఊరికి వెళ్లేటప్పుడు ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద 120లో నడుపుతారు. నిజంగా తేడా ఉంటుందా?
– ఉప్పల్ పాఠకురాలు

జవాబు: ఉంటుందమ్మా, ఈ విషయంలో మీదే కరెక్ట్. ఖాళీ క్యారియర్ కూడా గాలిని అడ్డుకుంటుంది, స్పీడు పెరిగేకొద్దీ ఆ అడ్డు ఇంకా పెరుగుతుంది. ఓఆర్‌ఆర్ మొదటి రెండు లేన్లలో 120 దాకా అనుమతి ఉంది, నిజమే. కానీ 90 నుంచి 120కి వెళ్తే గాలి తోసే తోపు ముప్పావు వంతు పైగా పెరుగుతుంది. ఎత్తుగా, వెడల్పుగా ఉండే ఎస్‌యూవీకి ఆ దెబ్బ కారు కంటే బాగా తగులుతుంది. మొత్తం 158 కిలోమీటర్ల రింగ్‌లో మీరు వాడేది ఒక ముక్కే కదా, 90లో వెళ్లినా పోయేది కొద్ది నిమిషాలు. క్యారియర్ విప్పి ఇంట్లో పెట్టించండి.

టైర్లలో గాలి కూడా చూడమనండి. పంక్చర్ షాపులో అడిగితే అన్ని బండ్లకీ ఒకటే లెక్కలో కొట్టేస్తారు. మీ బండికి ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ తీస్తే పక్కన స్టిక్కర్ మీద రాసి ఉంటుంది, ఫుల్ లోడ్‌కి విడిగా ఇచ్చి ఉంటే అదీ చూసుకోవాలి. పొద్దున్నే, టైర్లు వేడెక్కకముందే చూడాలి.

ప్రశ్న: మాది బీఎస్6 డీజిల్. ఉన్నట్టుండి మైలేజ్ పడిపోతుంది, మళ్లీ అదే సర్దుకుంటుంది. రిపేరా?
– కొంపల్లి పాఠకుడు

జవాబు: చాలావరకు డీపీఎఫ్ పనే అది. సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్. చిన్న దూరాలు, నత్తనడక ట్రాఫిక్‌లో మసి పేరుకుంటే, దాన్ని కాల్చేయడానికి బండి తనంతట తానే అదనంగా డీజిల్ వాడుతుంది. మధ్యలో ఇంజిన్ ఆపేస్తే ఆ పని సగంలో ఆగి మళ్లీ మొదలవుతుంది, డీజిల్ రెండోసారి ఖర్చు. వారానికోసారి మేడ్చల్ హైవే మీద ఆగకుండా ఓ ఇరవై, ముప్పై నిమిషాలు 70, 80లో నడపండి. అయినా డీపీఎఫ్ లైటు వెలుగుతూనే ఉంటే ఆలస్యం చేయకుండా వర్క్‌షాప్‌కి తీసుకెళ్లండి, ఫిల్టర్ పూర్తిగా మూసుకుపోతే కొత్తదానికి చాలా ఖర్చవుతుంది.