డానిష్‌లో ఒక్క వాక్యం సరిగా రావట్లేదు, జర్మన్‌కు మార్చేయమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి మెకానికల్ బీటెక్ పూర్తిచేసి డెన్మార్క్‌లో విండ్ ఎనర్జీ ఎంఎస్సీకి ప్రయత్నిస్తోంది. కోర్సు ఇంగ్లిష్‌లోనే అయినా డానిష్ కూడా మొదలుపెట్టింది. మూడు నెలలైనా వాక్యాలన్నీ తప్పులే. బంధువుల ముందు నాలుగు ముక్కలు మాట్లాడమంటే నోరు విప్పదు. మా చెల్లెలి కొడుకు ఈలోపే జర్మన్ ఏ2 (రెండో మెట్టు పరీక్ష) పాసయ్యాడు. దీన్ని కూడా జర్మన్‌కు మార్చాలా? కన్సల్టెన్సీ వాళ్లు అరవై వేలకు డానిష్ బి1 (దాని పై మెట్టు) గ్యారంటీ అంటున్నారు. – ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, మీరు అడిగింది భాష గురించే గానీ మీ భయం వేరు. పిల్లకు ఇంత చిన్న వాక్యమే రాకపోతే రేపు పరాయి దేశంలో ఎలా నెగ్గుకొస్తుందని కదా? దేశాల పేర్లు మారుతుంటాయి గానీ ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది. ఐఈఎల్‌టీఎస్, వీసా సంగతులు మీకు తెలిసినవే, వదిలేద్దాం.

అమ్మాయి నోట్‌బుక్ చూడకుండానే ఆమె తప్పు ఎక్కడో చెప్పగలను. ‘ఈ రోజు నేను కాఫీ తాగుతాను’ అనడానికి ‘ఈ డే యాయ్ డ్రికర్ కఫ్ఫె’ అని రాస్తూ ఉంటుంది. ‘ఈ డే’ అంటే ఈ రోజు, యాయ్ అంటే నేను, డ్రికర్ అంటే తాగడం. సరైన వాక్యం ‘ఈ డే డ్రికర్ యాయ్ కఫ్ఫె’. మామూలు వాక్యంలో రెండో సీటు క్రియకు రిజర్వ్, ఇంకెవరూ కూర్చోకూడదు. మొదటి సీట్లో ‘ఈ రోజు’ ఎక్కితే ‘నేను’ దిగి క్రియ తర్వాతకు పోవాల్సిందే. మీ అమ్మాయి తెలుగులో అనుకుని, దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చి, అక్కడినుంచి డానిష్‌లోకి మారుస్తోంది. ఇంగ్లిష్‌లో ‘ఈ రోజు’ ముందుకొచ్చినా ‘నేను’ కదలదు కాబట్టి అక్కడే దెబ్బతింటోంది.

ఆ మధ్యలో ఇంగ్లిష్‌ను తీసేయమనండి. మనం ‘కాఫీ అయితే తాగుతాను, టీ మాత్రం తాగను’ అంటాం కదా, దేన్ని నొక్కి చెప్పాలో అది ముందు పెడతాం. డానిష్ వాళ్లూ అంతే: ‘కఫ్ఫె డ్రికర్ యాయ్, మెన్ టే డ్రికర్ యాయ్ ఇక్కె’. ఇక్కె అంటే ‘కాదు, లేదు’. (మెన్ అంటే ‘కానీ’, దాన్ని సీట్ల లెక్కలోకి తీసుకోరు.) ప్రశ్న అడగాలంటే క్రియను ముందుకు తెస్తే చాలు: ‘డ్రికర్ డు కఫ్ఫె?’ (నువ్వు కాఫీ తాగుతావా?) ఇంకో మెలిక ఉంది. ‘నేను కాఫీ తాగను’ అన్నప్పుడు ఇక్కె క్రియ తర్వాత వస్తుంది, ‘ఎందుకంటే నేను కాఫీ తాగను’ అన్నప్పుడు క్రియకు ముందుకొస్తుంది: ‘ఫోర్డీ యాయ్ ఇక్కె డ్రికర్ కఫ్ఫె’. ఇది చాలామందిని చాలాకాలం తిప్పలు పెడుతుంది, మూడు నెలల పిల్ల తడబడితే కంగారెందుకు? పాల్ డిడెరిక్‌సెన్ అనే డానిష్ పండితుడు వాక్యాన్ని గళ్లుగా విడగొట్టి చూపించాడు, అలాంటి గళ్లే గీసుకుని ఒకే వాక్యంలో మొదటి గడిని మారుస్తూ రాయమనండి.

జర్మన్‌కు మార్చాలా అన్నారు. రెండో స్థానంలో క్రియ అనే నియమం అక్కడా ఉంది, దానికితోడు మూడు లింగాలు, నాలుగు విభక్తులు, నేను-నువ్వు-వాళ్లు అన్నప్పుడల్లా మారే క్రియ. డానిష్‌లో లింగాలు రెండే, క్రియ ఎవరికైనా ఒకటే. కాకపోతే డానిష్ పలకడం కష్టం, సగం అక్షరాలు మింగేస్తారు. ఇంతకీ వెళ్లేది డెన్మార్క్ అయితే జర్మన్ ఎందుకమ్మా, చెల్లెలి కొడుకు పాసయ్యాడనేగా?

కోప్పడుతున్నాననుకోకండి, ఇంటికొచ్చినవాళ్ల ముందు పిల్లను నిలబెట్టి డానిష్ మాట్లాడమనడం మానేయండి. తప్పు వస్తే నలుగురూ నవ్వుతారన్న టెన్షన్‌లో ఎవరికీ ఏ భాషా రాదు. ఆమె మౌనం చూసి తెలివి కొలవకండి.

నాకు అనుమానం ఉన్నదల్లా ఈ మధ్య జోరుగా నడుస్తున్న ప్రచారం మీద. ‘డెన్మార్క్‌లో అందరికీ ఇంగ్లిష్ వచ్చు, భాష అక్కర్లేదు’ అని చెప్పి పంపించేస్తున్నారు. చదువు వరకు నిజమే. గాలిమరల దేశమన్నదీ నిజమే, సముద్రంలో మొదటి విండ్ ఫామ్ 1991లో విండెబీ దగ్గర పెట్టింది వాళ్లే, ఇవాళ కరెంటులో సగానికి పైగా గాలినుంచే తీస్తున్నారు. కానీ పెద్ద కంపెనీల్లో ఇంగ్లిష్‌తో నెట్టుకొచ్చినా, చిన్న కంపెనీల్లో, సైట్ పనుల్లో, భోజనాల దగ్గర కబుర్లలో నడిచేది డానిషే. శాశ్వత నివాసానికీ డానిష్ పరీక్ష అడుగుతారు. అందుకని ఎవరూ చెప్పకుండానే మీ అమ్మాయి ఆ భాష మొదలుపెట్టడం నాకు ఆమె మార్కుల కన్నా నమ్మకంగా కనిపిస్తోంది.

ఆ అరవై వేలు మాత్రం కట్టకండి. బి1 గ్యారంటీ ఇచ్చేవాళ్లను నేను నమ్మను, ఈ దశలో ఆమెకు అది అవసరమూ లేదు. అక్కడ పెద్దవాళ్లకు ప్రభుత్వం నడిపించే డానిష్ కోర్సులున్నాయి, చదువుకున్నవాళ్లను వేగంగా సాగే మూడో విభాగంలో వేస్తారు. ఆ డబ్బు అద్దె ఇంటికి దాచండి, అక్కడ మూడు నెలల అద్దె డిపాజిట్‌గా, ఇంకో మూడు నెలలది ముందే అడిగే ఓనర్లున్నారు.